కూల్చే కాంట్రాక్టరే ఎదురు డబ్బిస్తానంటే

ప్రశ్న: దేవరకొండలో మా నాన్నగారు కట్టించిన పాత ఇల్లు కూల్చి, అదే జాగాలో హోమ్ లోన్‌తో కొత్త ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నాం. రాతి గోడలు, టేకు దూలాలు, దంతెలు. ఒక కాంట్రాక్టర్ సామానంతా తనే తీసుకుని మాకు ఎదురు 60,000 ఇస్తానంటున్నాడు. ఇంకొకాయన సామాను మాకే వదిలి, కూల్చి ఎత్తిపోయడానికి 1,10,000 అడుగుతున్నాడు. మొదటిదే లాభం కదా? ఇంత చిన్న పనికి అగ్రిమెంటు అవసరమా?

జవాబు: ఇద్దరి మాటకూ మధ్య తేడా 1,70,000. మీ పాత సామాను అంతకన్నా ఎక్కువ పలికితేనే రెండో ఆయన మీకు గిట్టుబాటు. అందుకని ఎవరికీ మాట ఇవ్వకముందే టేపు పట్టుకుని కర్ర కొలవండి. పదడుగుల పొడవు, 8 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల వెడల్పున్న దూలం ఒక్కోటి 3.3 ఘనపుటడుగులు వస్తుంది. అలాంటివి ఆరుంటే 20. నాలుగు బై మూడు అంగుళాల పదడుగుల దంతెలు నలభై ఉంటే ఇంకో 33. లెక్క కోసం ఘనపుటడుగు 1,500 అనుకుంటే కర్రకు దాదాపు 80,000. దర్వాజాలు, కిటికీలు, ఇనుము కలిపి 40,000 వేసుకున్నా మొత్తం 1,20,000 దాటదు. పాత కర్ర అమ్మే దుకాణాలు రెండింటిలో అడిగి, నేను అనుకున్న రేటు తీసేసి అసలు రేటు పెట్టి చూడండి.

అమ్మేసేటట్టయితే మొదటి బేరమే మేలని ఈ లెక్క చెబుతుంది. కొత్త ఇంటి దర్వాజాలకు ఆ టేకే వాడుకుంటానంటే మాత్రం లెక్క తిరగబడొచ్చు. అప్పుడు పాత కర్ర ధర కాదు, మీరు కొనకుండా తప్పించుకున్న కొత్త టేకు ధర చూసుకోవాలి. మేకుల సొట్టలు, చీలికలు, కోత తరుగు కింద మూడో వంతు తీసేయండి. మధ్యే మార్గం కూడా ఉంది. మొదటి ఆయనతోనే మాట్లాడి పెద్ద దర్వాజ, దూలాలు మీకు ఉంచుకుని, ఆ మేరకు ఆయన ఇచ్చే 60,000లో కొంత తగ్గించుకోండి.

ఇక నాకు అనుమానం కలిగిస్తున్నది ఆ 60,000 కాదు. ఇలాంటి ఇంట్లో విలువంతా పైకప్పులో, ఖర్చంతా కింద గోడల్లో, పునాదిలో ఉంటుంది. కాంట్రాక్టర్‌కు లాభం మొదటి మూడు నాలుగు రోజుల్లోనే చేతికొస్తుంది. ఆ తర్వాత మిగిలేది రాయి, మట్టి, డీజిల్ ఖర్చు. దూలాలు లారీ ఎక్కాక ఆయన ఫోన్ ఎత్తడం తగ్గితే ఆశ్చర్యపోకండి. అడుగున్నర మందం, పదడుగుల ఎత్తు గోడలు 160 అడుగుల పొడవుంటే 2,400 ఘనపుటడుగులు. కూలితే అది పొంగి మూడు వేలు దాటుతుంది. ట్రాలీకి వంద ఘనపుటడుగుల లెక్కన ముప్పైకి పైగా ట్రిప్పులు. ట్రిప్పు 900 అనుకున్నా, ఆయన మధ్యలో వదిలేస్తే మీకు వచ్చిన 60,000లో దాదాపు సగం వీటికే పోతుంది. జేసీబీ గంటలు, పునాది తవ్వకం వేరే.

కాబట్టి అగ్రిమెంటు కావాల్సిందే. ఒక్క పేజీ చాలు, వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఇద్దరు సాక్షుల సంతకాలతో. అందులో అన్నిటికన్నా ముఖ్యం పని వరుస. పైకప్పు ముట్టకముందే 60,000 మొత్తం మీ ఖాతాలో పడాలి. దానిమీద 30,000 డిపాజిట్, జాగా చదును చేసి అప్పగించాక తిరిగి ఇచ్చేలా. డిపాజిట్ పెట్టనంటే దూలాలు మీ జాగాలోనే ఉంచి, సగం మట్టి ఎత్తాకే బండెక్కించాలని రాయించండి. రెండింటికీ ఒప్పుకోకపోతే ఆ మనిషితో బేరం వద్దు.

'కూల్చి ఖాళీ చేయాలి' అని మాత్రం రాసి వదిలేయకండి. పునాది రాయి ఎంత లోతు వరకు తీయాలి, సెప్టిక్ ట్యాంకు ఎవరు పూడ్చాలి, ఏ రాయి మీకు మిగల్చాలి అన్నీ రాయండి. మంచి రాయి ప్రహరీకి, మట్టి బేస్‌మెంట్ నింపడానికి పనికొస్తుంది. మట్టిలో కర్ర ముక్కలు మాత్రం ఉండకూడదు, చెదలు పడతాయి. బోరు ఉంటే కూల్చే ముందే కేసింగ్‌కు గట్టి మూత వేయించండి. అందులో ఒక్క రాయి పడినా కొత్త బోరు ఖర్చు మీద పడుతుంది.

పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే, ఆ ఇంటాయన్ని నిలబెట్టి ఆయన గోడ ఫోటోలు తీయండి. ఆ వైపు జేసీబీ కాకుండా చేత్తో విప్పాలని, పగుళ్లొస్తే కాంట్రాక్టరే బాగుచేయాలని ఉండాలి. కూలీలకు ప్రమాద బీమా ఎవరు కడతారో రాసి, పాలసీ కాపీ తీసుకోండి. కరెంటు సర్వీసు టీజీఎస్పీడీసీఎల్ వాళ్లతో ముందే తీయించండి.

ఆలస్యానికి రోజుకు 500 అని రాసుకోండి. పదివేలు రాస్తే గొప్పగా కనిపిస్తుంది గానీ, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఆ అంకె దాటకుండా సబబైన పరిహారమే ఇస్తుంది, రాసిందంతా కాదు.

'ఏం దొరికినా నాదే' అని కొందరు రాయించుకుంటారు. గోడలో, నేలలో పాతరేసిన సొమ్ము బయటపడితే అది మీ ఇద్దరి బేరం కాదు. చట్టం ప్రకారం కలెక్టర్‌కు చెప్పాల్సిందే. ఆ మాట కొట్టేయించండి.

సామాను రేటు పెరిగి బేరం రెండు లక్షలకు చేరితే డబ్బు నగదుగా తీసుకోకండి. ఒకే లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా పడవచ్చు, అదీ పుచ్చుకున్నవారికి, అంటే మీకు. రెండో ఆయన జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారైతే 1,10,000లో 18 శాతం కలిసిందో లేదో అడగండి, లేకపోతే ఇంకో 19,800.

ఇల్లు ఇంకా నాన్నగారి పేరునే ఉంటే అక్కచెల్లెళ్లతో సహా వారసులందరి సంతకాలు కావాలి. బ్యాంకులో తాకట్టు ఉంటే బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఇటుక కూడా కదపకూడదు. లోన్ మంజూరు లేఖ, మున్సిపాలిటీ పర్మిషన్ రెండూ చేతికొచ్చాకే కూల్చే తేదీ పెట్టుకోండి. కూల్చివేత ఖర్చు మామూలుగా బ్యాంకు ఎస్టిమేట్‌లో ఉండదు, కాబట్టి మొదటి బేరం కుదిరినా 50,000 వేరే పెట్టుకోండి, రెండోదైతే ఆయన అడిగినంతా. లోన్ ఆలస్యమైతే, అద్దెకిచ్చైనా సరే, ఇంటిని అప్పటిదాకా నిలబెట్టి ఉంచండి.