బ్లాక్ బాక్స్ లేని చిన్న విమానం కూలితే కారణం ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో శిక్షణ విమానం కూలి, నేర్చుకుంటున్న పైలట్ చనిపోయారు. అటువైపు చుట్టాలింటికి వెళ్లినప్పుడల్లా ఆ మాట వస్తుంది. అంత చిన్న విమానాల్లో బ్లాక్ బాక్స్ ఉండదంటారు, మరి ఎందుకు పడిందో ఎలా తెలుసుకుంటారు?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: నిజమేనండీ, సెస్నా 152 లాంటి రెండు సీట్ల విమానాల్లో సాధారణంగా అది ఉండదు. అందుకే విరిగిన ముక్కల్నే చదవాలి, అవి చాలా చెబుతాయి.

ముందు ప్రొపెల్లర్‌ని, అంటే విమానం ముక్కు దగ్గర తిరిగే పంకాని చూస్తారు. ఇంజిన్ బలంగా తిప్పుతుండగా నేలను తాకితే దాని రెక్కలు మెలి తిరుగుతాయి, వాటి మీద అడ్డంగా గీతలు పడతాయి. ఇంజిన్ అప్పటికే ఆగిపోయి ఉంటే ఒక రెక్క వెనక్కి వంగిపోయి రెండోది దాదాపు బాగానే మిగలొచ్చు. హెచ్చరిక దీపాల్లో బల్బుల్ని కూడా వదలరు. వెలుగుతున్న బల్బులో ఫిలమెంట్ వేడికి మెత్తగా ఉంటుంది కాబట్టి దెబ్బకి సాగుతుంది, ఆరిపోయి ఉన్నదైతే పుటుక్కున తెగుతుంది, అంటే నేలను తాకిన క్షణంలో పైలట్ కళ్లముందు ఏ లైటు వెలుగుతోందో చెప్పొచ్చు. డయల్ మీద ముల్లు కొట్టుకున్న మచ్చ ఉంటే ఆ మీటరు ఎంత చూపిస్తోందో తెలుస్తుంది. తోకకి వెళ్లే కేబుల్ తెగిన చోట పోగులు చీపురులా విచ్చుకుని ఉంటే అది కూలినప్పుడు లాగుడుకి తెగింది, అరిగి నున్నబడి ఉంటే కథ వేరు. ఇంధనంలో నీళ్లు కలిశాయా అని ట్యాంకులో మిగిలిన దానితో పాటు, నింపిన చోట నిల్వ ఉన్నది కూడా పరీక్షకి పంపుతారు. వీటికి తోడు రాడార్, జీపీఎస్, మరమ్మతుల పుస్తకాలు, పోస్ట్‌మార్టం.

ప్రశ్న: చివరికి ఎక్కువగా ‘పైలట్ తప్పిదం’ అనే కదా రాస్తారు? దానికి నెలల తరబడి దర్యాప్తు దేనికి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఆ రెండు మాటల దగ్గర ఆగిపోతే దర్యాప్తు జరగనట్టే. అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ కొడుకు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ ప్రమాదం తీసుకో. 1999 జులై 16 రాత్రి 8.38కి న్యూజెర్సీ నుంచి పైపర్ సారటోగా అనే చిన్న విమానాన్ని తనే నడుపుతూ భార్య, వదినతో బయల్దేరాడు, దాదాపు గంట తర్వాత మార్తాస్ వైన్‌యార్డ్ దీవి దగ్గర సముద్రంలో కూలి ముగ్గురూ పోయారు. శకలాలు సుమారు 120 అడుగుల లోతులో దొరికాయి. ఒక చిన్న వాయిస్ రికార్డర్ ఉన్నా దానిలోంచి ఏమీ రాలేదు. ఇంజిన్‌లో, కంట్రోళ్లలో కూలకముందే వచ్చిన లోపం ఏదీ కనబడలేదు. అప్పుడు రాడార్ చుక్కలు పట్టుకున్నారు: 5,500 అడుగుల నుంచి కిందికి దిగుతూ, మలుపులు తిరుగుతూ, చివరికి నిమిషానికి 4,700 అడుగులకి మించిన వేగంతో పడిపోయింది.

ఆ దారిలో ఎగిరిన ఇతర పైలట్లని అడిగితే మసకమంచు వల్ల ఆకాశమూ సముద్రమూ కలిసిపోయి కనిపించాయన్నారు. రంగులరాట్నం దిగాక నేల తిరుగుతున్నట్టు అనిపిస్తుంది చూడు, లోచెవి అలా మోసం చేస్తుంది. బయట ఆకాశం, సముద్రం కలిసే గీత కనబడకపోతే, విమానం మెల్లగా ఒక పక్కకి ఒరిగినా పైలట్‌కి నిటారుగానే ఉన్నట్టు ఉంటుంది. అప్పుడు శరీరాన్ని కాదు, మీటర్లని నమ్మాలి. దానికి ప్రత్యేక శిక్షణ, లైసెన్సు కావాలి. అతనికి 310 గంటల అనుభవం ఉంది కానీ ఆ లైసెన్సు లేదు, శిక్షణ సగంలో ఉంది. 2000 జులైలో అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు తేల్చింది ఇదే: రాత్రి నీటిమీద దిక్కు తెలియక అదుపు తప్పింది, మసకమంచు, చీకటి తోడయ్యాయి.

ఇందులో ‘తప్పిదం’ అన్న మాటకన్నా, ఎలాంటి రాత్రి, ఎంత అనుభవం, ఏ శిక్షణ లేక అన్నదే ఇంకో పైలట్‌కి పనికొస్తుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. కూలిన సాయంత్రమే టీవీల్లో చనిపోయిన మనిషిని దోషిగా నిలబెట్టేస్తారు, ఇంట్లోవాళ్లు అది చూస్తూ కూర్చోవాలి. మన దేశంలో 2012 నుంచి ఈ పని చూస్తున్న ఏఏఐబీ (విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో) గానీ, ప్రపంచమంతా పాటించే నియమాలు గానీ చెప్పేదొకటే: దర్యాప్తు మళ్లీ జరగకుండా చూడటానికి, ఎవరినో నిందించడానికి కాదు.

ప్రశ్న: మా పొలంలోనే పడితే మేం ఏం చేయాలండీ?
– రైతు, మాచర్ల

జవాబు: ముందు మనుషుల్ని కాపాడండి, 112కి ఫోన్ చేయండి, చుట్టుపక్కల ఎవరినీ బీడీ కాల్చనివ్వొద్దు, పెట్రోలు కారుతూ ఉంటుంది. ఆ తర్వాత ఒక్క ముక్క కూడా కదపకండి, ఇంటికి తీసుకెళ్లకండి, పనికిరాని రేకు అనిపించేదే ఆధారం కావొచ్చు. పోలీసులు వచ్చేదాకా పిల్లల్ని, గొడ్లని అటు పోనివ్వకండి. వీడియో తీసి ఉంటే కత్తిరించకుండా అలాగే ఉంచి అధికారులకి ఇవ్వండి. ఇంకొకటి, పడేముందు ఇంజిన్ శబ్దం ఎలా ఉంది? ఒకే తీరుగా మోగిందా, దగ్గినట్టు ఆగి ఆగి వచ్చిందా, అసలు వినబడలేదా? నలుగురితో మాట్లాడాక ఎవరి జ్ఞాపకం ఎవరిదో కలిసిపోతుంది, అందుకే ఆ రోజే, ఎవరితోనూ చర్చించకముందే, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.