వెండి మెరుపు ఎక్కడ పనికొస్తుంది?

ప్రశ్న: మేము విజయవాడ ఆటోనగర్‌లో వ్యవసాయ మోటార్ల స్టార్టర్ పెట్టెలు తయారు చేస్తున్నాము. ఇంతకాలం వెండి రంగు స్టిక్కర్లు అంటించాము. రెండు ఎండాకాలాలు గడిచేసరికి అంచులు లేచిపోతున్నాయి, అక్షరాలు వెలిసిపోతున్నాయి. ఇకమీదట అద్దంలా మెరిసే స్టీలు ప్లేటు వేయాలని మా అన్నయ్య, అల్యూమినియం చాలునని నేను పట్టుబడుతున్నాము. ఏది మేలు?

జవాబు: లోహం మాట తరవాత చూద్దాము. మీ పెట్టె పొలంలో మోటారు షెడ్డు గోడకు ఉంటుంది. దాని మీద వోల్టేజి, హార్స్‌పవర్ చదవవలసిన మనిషి మిట్టమధ్యాహ్నం, చెమట కారుతుండగా, ఒక పక్కగా నిలబడి చూస్తాడు. అద్దం పాలిష్ ప్లేటును ఒకసారి ఎండలోకి తీసుకెళ్లి అటూ ఇటూ వంచి చూడండి: ఒక కోణంలో సూర్యుడు కళ్లలో పొడుస్తాడు, ఇంకో కోణంలో మీ చొక్కా గీతలు కనిపిస్తాయి, అక్షరాలు మాత్రం కనిపించవు. షోరూములో మురిపించిన మెరుపే పొలంలో అడ్డమవుతుంది. పైగా వేలిముద్రలు, చిన్న గీతలు దాని మీద కనిపించినంతగా మరి దేని మీదా కనిపించవు. అందుచేత ఒకే దిశలో సన్నని గీతలుండే హెయిర్‌లైన్ ఫినిష్ గాని, మెరుపు లేని మ్యాట్ గాని ఎంచుకోండి.

లోహం విషయంలో నా మొగ్గు మీ వైపే. అనోడైజ్ చేసిన, అంటే విద్యుత్తు సాయంతో పైన గట్టి పొర తెప్పించిన, అల్యూమినియం మీద ఉండే పొర పైన పూసిన రంగు కాదు, ఆ లోహం నుంచే పుట్టిన ఆక్సైడు. కనుక అది స్టిక్కరు పొరలా ఊడిరాదు. ఆ పొరలోని సూక్ష్మ రంధ్రాలలోకి ముందు రంగు ఎక్కించి, తరవాత మరిగే నీటిలో ఆ రంధ్రాలు మూసుకునేలా సీల్ చేస్తే అక్షరం పొర లోపలే నిలిచిపోతుంది. పొర మందం ఎన్ని మైక్రాన్లో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఆర్డరులోనే రాయించండి. ఆరుబయట వాడకానికి 20 అడగడం మంచిది, ఇంట్లో వాడే వస్తువులకు చేసే 5 మైక్రాన్ల పని ఇక్కడ చాలదు. రంగు ఎండకు తట్టుకునే రకమేనా అని కూడా అడగండి, ఎందుకంటే సీలింగు ఎంత బాగున్నా నాసిరకం రంగు వెలవక మానదు.

మీ సరుకు సముద్రతీరానికి వెళ్లేదైతే మీ అన్నయ్య మాట వినవలసిందే, అయితే గ్రేడు చూసుకుని. 304 స్టీలుకు ఉప్పుగాలిలో గోధుమ రంగు మచ్చలు పడతాయి; మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 అంతకంటే బాగా తట్టుకుంటుంది. అక్షరాలను ఎచింగ్ చేయించి, అంటే రసాయనంతో లోహంలోకి తొలిపించి, ఆ పల్లంలో నల్ల ఎనామిల్ నింపించండి. బీదరులో బిద్రీ పాత్రలు చేసే కళాకారులు లోహంలో వెండి తీగను పొదిగి, ఆ తరవాత చుట్టూ ఉన్న లోహాన్ని నల్లబరుస్తారు. పక్కన నలుపు ఉన్నప్పుడే వెండి వెండిలా కనిపిస్తుందని వారికి తెలుసు.

రివెట్ల దగ్గర చాలామంది పొరపడతారు. అల్యూమినియం ప్లేటుకు అల్యూమినియం రివెట్లే వాడాలి, వేరే లోహానివి వాడితే తడి తగిలినచోట అల్యూమినియం తినేసుకుపోతుంది. రంధ్రం గుండా పెట్టెలోకి నీరు దిగకుండా మూసి ఉండే రివెట్లు తీసుకోండి.

ప్రశ్న: గుంటూరులో ఇంటి పచ్చళ్లు సీసాలలో అమ్ముతున్నాను. లేబులు మొత్తం వెండి రంగులో వేయించవచ్చునా?

జవాబు: మొత్తం వద్దమ్మా. పేరును మాత్రం హాట్ ఫాయిల్‌తో, అంటే వేడి అచ్చుతో అంటించే మెరిసే పలుచని రేకుతో, అద్దించండి; అల్యూమినియం రేకుల పొడి కలిపిన వెండి సిరా కాగితం మీద బూడిద రంగుగా తేలిపోతుంది, ఫాయిలుకు ఉండే నిగనిగ దానికి రాదు. బార్‌కోడును మాత్రం తెల్లని చదరంలో నల్లగీతలతో వేయించండి, మెరిసే నేపథ్యం మీద స్కానరు తడబడుతుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్యను కూడా నేపథ్యానికి భిన్నమైన రంగులో స్పష్టంగా ముద్రించాలి. అచ్చుకు ఇచ్చే ముందు నమూనా లేబులు మీద నూనె చేత్తో ఒకసారి రుద్ది చూడండి.