జనరల్ సర్జన్ దగ్గరకు ఏ జబ్బులతో వస్తారు? మా అమ్మాయికి ఆ బ్రాంచి తగునా?

ప్రశ్న: మా అమ్మాయి హౌస్ సర్జన్సీ చేస్తూ నీట్ పీజీకి చదువుతోంది. ర్యాంకు వస్తే జనరల్ సర్జరీలో ఎం.ఎస్. చేస్తానంటోంది. మా బంధువుల్లో ఉన్న డాక్టర్లు మాత్రం, "గుండెకొకరు, కిడ్నీకొకరు, కడుపుకొకరు వచ్చాక జనరల్ సర్జన్‌కు మిగిలేదేముంది? ఆడపిల్లకు స్కానింగులు చూసే రేడియాలజీ అయితే హాయి" అంటున్నారు. నేను బడిపంతులమ్మను, నాకు ఇవేవీ తెలియవు. అసలు జనరల్ సర్జన్ దగ్గరకు ఏ జబ్బులతో వస్తారు? మా అమ్మాయిది ఎడమచేతి వాటం. అదీ ఇబ్బందేనా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: మిగిలేదేముంది అన్నదానికి జవాబు మీ ఊళ్లోనే దొరుకుతుంది. పదిహేను ఇరవై పడకల నర్సింగ్ హోమ్ దేనికైనా వెళ్లి, ఆపరేషన్ థియేటర్ బయట గోడకు తగిలించిన తెల్లబోర్డు చదవండి. నేను డాక్టర్ని కాను, పిల్లలకు చదువుల దారి చెప్పేవాణ్ని. ఈ బ్రాంచి గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యాక, తెలిసిన సర్జన్ ఒకాయన్ను బతిమాలి ఒక శనివారం పొద్దుటి నుంచి రాత్రిదాకా ఆయన ఆస్పత్రిలో కూర్చున్నాను. రోగులు సరేనన్నప్పుడే లోపల ఉండనిచ్చారు. ఆ రోజు బోర్డు మీద ల్యాప్ కోలీ ఒకటి, హెర్నియా రెండు, వరిబీజం ఒకటి, ఫిస్టులా (మలద్వారం పక్కన చీము కారే దారి) ఒకటి ఉన్నాయి. అడుగున ఎర్ర మార్కరుతో హడావిడిగా రాసింది ఇంకొకటి: "షుగర్ కాలు – ఐ అండ్ డి". గడ్డ కోసి చీము తీయడాన్ని వాళ్లు అలా అంటారు.

ల్యాప్ కోలీ అంటే పిత్తాశయంలో రాళ్లు చేరి నొప్పి పెడుతుంటే, పొట్ట మీద మూడు నాలుగు చిన్న రంధ్రాలు చేసి ఆ సంచిని మొత్తంగా తీసేయడం. పాతరోజుల్లో కుడి పక్కటెముకల కింద జానెడు కోత పడేది, వారం పైగా మంచం. మన దేశంలో ఈ ఆపరేషన్‌ను కెమెరాతో మొదట చేసింది 1990లో, ముంబయిలో డాక్టర్ తెహెంటన్ ఉద్వాడియా. నేను చూసిన చోట పొద్దున చేయించుకున్నావిడ సాయంత్రానికి లేచి కూర్చుని కాఫీ ఇవ్వలేదని అలిగింది.

ఓపీలో కనిపించేది వేరే లోకం. గజ్జల్లో ఉబ్బు వచ్చి, దగ్గితే పెద్దదవుతోందంటూ బస్తాలు మోసే హమాలీ వచ్చాడు. అది హెర్నియా, పేగు బయటికి తోసుకొస్తున్న చోట వల వేసి కుడతారు. మొలలంటూ నలుగురు వచ్చారు. మొలలకు మందు అన్న బోర్డు లేని బస్టాండు మనకెక్కడైనా ఉందా? ఆ బోర్డుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఇక్కడికి వచ్చినవాళ్లే వాళ్లంతా. చూస్తే ఇద్దరికి అసలు మొలలే కావు, ఫిషర్. మలబద్ధకం వల్ల పడిన చీలిక. మందులు, నీళ్లు, పీచు తిండితో తగ్గేది. ఆయన కత్తి ఎత్తలేదు. బోదకాలు దోమలు ఏలిన మీ గోదావరి జిల్లాల్లో వరిబీజం ఆపరేషన్లు సర్జన్లకు ఎప్పుడూ ఉన్న పనే. ఇవి కాక థైరాయిడ్ గడ్డలు, రొమ్ములో గడ్డలు, కొవ్వు గడ్డలు, గోరు లోపలికి పెరిగిన వేళ్లు, పిల్లలకు సున్తీ, రోజంతా నిలబడే కండక్టర్లకూ మీలాంటి టీచర్లకూ కాళ్ల మీద మెలికలు తిరిగే సిరలు. చాలామంది సర్జన్లు ఎండోస్కోపీ కూడా తామే చేస్తారు.

ఆ రోజు నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది షుగర్ కాలు. అరవై దాటిన రైతు. చెప్పులో మేకు దిగిందట, స్పర్శ పోయిన పాదం కాబట్టి వారం దాకా ఆయనకు తెలియనే లేదు. కట్టు విప్పగానే గది వాసన మారిపోయింది, నేను కిటికీ వైపు జరిగాను. సర్జన్ మాత్రం ముక్కు కూడా ముడవకుండా వంగి, పరికరం మొనతో పుండు లోతు చూస్తూ, "చీము ఎటువైపు దారి చేసుకుందో చూడాలి" అంటూ తనలో తాను మాట్లాడుకున్నట్టు చెప్పారు. నల్లబడ్డ కండను కత్తిరించారు, ఎర్రగా నెత్తురు చిమ్మే దాకా. అలా చిమ్మితేనే బతికున్న కండ అని అప్పుడు తెలిసింది. బొటనవేలు పోయింది, పాదం నిలిచింది. తరువాత వారాల తరబడి డ్రెస్సింగ్. ఇందులో పేరూ లేదు, గొప్పగా డబ్బూ లేదు. కానీ షుగర్ ఇంతగా పెరిగిన మన ఊళ్లలో సర్జన్ బతుకులో పెద్ద ముక్క ఇదే.

మీ అమ్మాయిని అడగాల్సింది కూడా ఇక్కడే. కెమెరాతో పిత్తాశయం తీయడం అందరికీ ఇష్టమే. ఈ చీము, ఈ వాసన, ఈ రోజువారీ కట్లు తనకు విసుగు అనిపించకపోతే బ్రాంచి తనదే. హౌస్ సర్జన్సీలో సర్జరీ పోస్టింగ్ అయిపోయి ఉంటుంది కాబట్టి ఈ జవాబు తనకు ఇప్పటికే తెలుసు. మీరు అడిగితే చెబుతుంది.

రాత్రి పదకొండు దాటాక పద్నాలుగేళ్ల కుర్రాణ్ని తీసుకొచ్చారు. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి దిగింది, రెండు వాంతులు. అపెండిక్స్ అని నాకే అనిపించింది. స్కానింగ్‌లో తేలలేదు. తండ్రి, "ఆపరేషన్ చేసేయండి, డబ్బు కడతాను" అంటూ చేతులు పట్టుకున్నాడు. సర్జన్ తన అరచేతులు రుద్ది వెచ్చచేసుకుని కుర్రాడి పొట్ట మీద పెట్టి, మెల్లగా నొక్కి, వాడి ముఖం చూశారు. "పొద్దున ఆరింటిదాకా చూద్దాం. మధ్యలో రెండుసార్లు నేనే వస్తాను" అన్నారు. వచ్చారు కూడా. తెల్లారేసరికి నొప్పి సగం తగ్గింది, కత్తి అక్కర్లేకపోయింది. అదే నొప్పి పెరిగి ఉంటే అప్పటికప్పుడు థియేటర్ తెరవాల్సిందే. పేగు మెలిపడినా, మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపు బిళ్లలు వాడీ వాడీ జీర్ణాశయానికి చిల్లుపడినా, బైకు హ్యాండిల్ పొట్టలో గుచ్చుకున్నా, ఊళ్లో మొదట ఫోను మోగేది జనరల్ సర్జన్‌కే.

బంధువుల మాటలో నిజం లేకపోలేదు. కిడ్నీలో రాళ్లు యూరాలజిస్టు దగ్గరికి వెళ్లిపోయాయి, విరిగిన ఎముకలు ఎప్పుడో ఆర్థోకు పోయాయి, పెద్ద క్యాన్సర్లు సర్జికల్ ఆంకాలజీకి. హైదరాబాద్, విశాఖ కార్పొరేట్ ఆస్పత్రిలో ఎం.ఎస్. ఒక్కటే పట్టుకుని వెళితే పైవాళ్ల కింద చేయడమే ఎక్కువ. తణుకు, తుని, కోదాడ, సిద్దిపేట వంటి చోట్ల లెక్క వేరు. అక్కడ చేయి మంచిదన్న పేరు పడితే రోగి ఊరు దాటడు. కాబట్టి బ్రాంచితోపాటు ఎక్కడ ఉంటుందో కూడా ఇప్పుడే కొంత ఆలోచించుకోవాలి. నగరమే కావాలనుకుంటే ఎం.ఎస్.తో ఆగకూడదు.

కాలం లెక్క ఇదీ: ఎం.బి.బి.ఎస్. ఐదున్నరేళ్లు, ఎం.ఎస్. 3 ఏళ్లు. ఆ తరువాత సూపర్ స్పెషాలిటీ ప్రవేశపరీక్ష నీట్ ఎస్ఎస్ రాసి గ్యాస్ట్రో, యూరాలజీ, ప్లాస్టిక్, పిల్లల సర్జరీ, ఎండోక్రైన్ (థైరాయిడ్ వంటి గ్రంథులు) వంటి వాటిలో ఎం.సిహెచ్. అనే పై డిగ్రీ చేస్తే ఇంకో 3 ఏళ్లు. వీటన్నిటికీ వాకిలి జనరల్ సర్జరీయే. ఎం.సిహెచ్. వద్దనుకుంటే ల్యాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల కెమెరా ఆపరేషన్లలో, ఎఫ్.ఎం.ఎ.ఎస్. వంటి చిన్న ఫెలోషిప్‌లు ఉన్నాయి. కాలేజీలో పాఠం చెప్పాలంటే మామూలుగా ఎం.ఎస్. తరువాత ఏడాది సీనియర్ రెసిడెన్సీ ఉండాలి.

అదే నీట్ పీజీ ర్యాంకుతో డీఎన్‌బీ అనే పీజీ డిగ్రీ కూడా ఉంది, అదీ 3 ఏళ్లే, ఎం.ఎస్.తో సమానమే. కాలేజీ ఎంచుకునేటప్పుడు నేను పెట్టే కొలత ఒక్కటే: రెండో ఏడాది రెసిడెంటు (పీజీ విద్యార్థి) చేతికి కత్తి ఇస్తారా? మెరిసే థియేటర్లున్న చోట మూడేళ్లూ కెమెరా పట్టుకుని నిలబడ్డవాళ్లు నా దగ్గరకు వచ్చారు. రోగులు కిక్కిరిసిన పాత ప్రభుత్వ బోధనాస్పత్రిలో చదివినవాళ్లు నిద్రలేమితో పీక్కుపోయి ఉంటారు కానీ, హెర్నియా, వరిబీజం, అపెండిక్స్ స్వయంగా చేసి బయటికి వస్తారు. ఆప్షన్లు పెట్టే ముందు ఆ కాలేజీలో ఇప్పుడు చదువుతున్న ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడించండి. ప్రభుత్వ సేవ బాండు, మధ్యలో సీటు వదిలేస్తే కట్టాల్సిన జరిమానా నోటిఫికేషన్‌లోనే ఉంటాయి. చదవకుండా చేరి, మొదటి ఆరు నెలల్లోనే పారిపోవాలనుకునేవాళ్లు ఎక్కువగా ఈ బ్రాంచి నుంచే వస్తారు.

ఆడపిల్ల అన్న మాటకొస్తే, మొదటి ఏడాది ఎవరికైనా కష్టమే. ఇరవై నాలుగు గంటలు దాటే డ్యూటీలు, సీనియర్ల కేకలు ఉంటాయి. పెళ్లి, పిల్లలు సరిగ్గా ఆ వయసులోనే వచ్చిపడతాయి. ఆ విషయం అమ్మాయితో దాచకుండా మాట్లాడండి, అల్లుణ్ని వెతికేటప్పుడు అతనితోనూ మాట్లాడండి. రేడియాలజీలో రాత్రిళ్లు తక్కువ, అది నిజం. అయితే నేను కూర్చున్న ఆ ఓపీలో ఒకావిడ రొమ్ములో గడ్డను ఏడాదిపాటు చీర చెంగు కింద దాచుకుని వచ్చింది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదంటే, "మగ డాక్టరు కదండీ" అంది. నర్సును పక్కన నిలబెట్టి పరీక్ష చేసి, ఆ రోజే మామోగ్రామ్‌కూ సూది పరీక్షకూ రాశారు. మొలలు, ఫిషర్ ఉన్న ఆడవాళ్లయితే అసలు నోరే విప్పరు. పట్టణంలో లేడీ సర్జన్ బోర్డు కడితే మొదటి నెల నుంచే ఓపీ నిండడం నేను రెండు చోట్ల చూశాను. బంధువులు చెప్పే హాయికి ఎదురుగా ఈ లెక్క కూడా ఉంది.

ఎడమచేతి వాటం సంగతి మరచిపోలేదు. దానివల్ల బ్రాంచి వదులుకోనక్కర్లేదు. కత్తెరలు, సూది పట్టుకునే పరికరాలు ఎక్కువగా కుడిచేతివాళ్లకోసం చేసినవే. లాక్ విప్పడానికి మొదట్లో తడబడుతుంది, ఎదురుగా నిలబడ్డ సీనియర్‌కు మోచేయి తగిలి తిట్లు కూడా పడొచ్చు. ఎడమచేతి పరికరాలు విడిగా దొరుకుతాయి. ల్యాప్రోస్కోపీలో రెండు చేతులూ పనిచేయాలి కాబట్టి అక్కడ పెద్ద తేడా ఉండదు. మీ ఇంట్లో కుర్చీ కోడుకు దారం కట్టి, రెండు చేతులతోనూ ముడులు వేయడం ఇప్పటినుంచే మొదలుపెట్టమనండి, టీవీ చూస్తూ వేసినా సరే.