ఉద్యోగం మారు, బెంగళూరు ప్రయాణం మాత్రం ఆపు

బైరాగిపట్టెడ, తిరుపతి

చిరంజీవి సింధుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెయిలు నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. అమెరికా పౌరసత్వానికి ఎన్-400 దరఖాస్తు పెట్టి ఐదు నెలలైంది, వేలిముద్రలు ఇచ్చేశావు, ఇంటర్వ్యూ పిలుపు ఇంకా రాలేదు. ఇంతలో నార్త్ కరోలినాలో మంచి ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు మారితే పౌరసత్వం ఫైలు ఏమవుతుందోనని నిద్ర పట్టడం లేదన్నావు. ముందు జవాబు చెప్పేస్తాను. ఉద్యోగం మారు. కాకపోతే నీ మెయిలు చివర్లో, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు ఒక వాక్యం రాశావు చూడు, మొదటి ఎనిమిది నెలలు బెంగళూరులో ఉండి అక్కడి బృందంతో పనిచేయాలని, ఆ ఒక్కటి తేల్చుకున్న తర్వాతే సంతకం పెట్టు.

నీ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మనవాళ్లు ఏళ్ల తరబడి హెచ్-1బీ మీద బతుకుతారు. ఆ వీసా ఉన్నన్నాళ్లూ కంపెనీ చేతిలోనే మన ఉనికి ఉంటుంది. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. అలా బతికిన మనిషికి గ్రీన్ కార్డు చేతికొచ్చినా భయం వదలదు. మేనేజరు పిలిస్తే గుండె దడదడలాడుతుంది. ఆ తాడు నీ మెడలోంచి ఐదేళ్ల కిందటే తీసేశారమ్మా. నువ్వు శాశ్వత నివాసివి. పౌరసత్వానికి ఫలానా కంపెనీలో పనిచేస్తూ ఉండాలనే షరతు లేదు, అసలు ఉద్యోగమే ఉండాలన్న షరతు కూడా లేదు. రేపు కొత్త కంపెనీ నిన్ను తీసేసినా, నీ దరఖాస్తు నీదే.

గ్రీన్ కార్డు ఇప్పించిన కంపెనీని వదిలేస్తే తప్పుపడతారేమో అని కూడా రాశావు. కార్డు వచ్చిన నెలకే మానేసినవాళ్లను ఆ ఉద్యోగం అసలు నిజమేనా అని అడగవచ్చు. నువ్వు కార్డు వచ్చాక ఐదేళ్లు అక్కడే పనిచేశావు. ఇంతకు మించిన రుజువు ఏముంటుంది?

నా సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నేను నర్సుగా నేరుగా గ్రీన్ కార్డు మీదే డల్లాస్ వెళ్లాను. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టే నాటికి నేను పనిచేస్తున్న ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ, పన్నెండు గంటలు, ఇద్దరు చేయాల్సిన పని ఒక్కదాని మీద. నడుము పట్టేసి, ఇంటికొచ్చి నేల మీద పడుకుంటే తప్ప నొప్పి తగ్గేది కాదు. పక్క ఆసుపత్రిలో పగటి డ్యూటీ ఇస్తామన్నారు. ఆదివారం గుడిలో కలిసిన ప్రతివాళ్లూ ఒకటే మాట, పౌరసత్వ ప్రమాణం అయ్యేదాకా ఏదీ కదపకు అని. ఆ మాట నమ్మి ఏడు నెలలు అక్కడే ఉన్నాను. చివరికి ఒకరోజు రోగిని లేపబోయి నేనే కూలబడ్డాను. మర్నాడు రాజీనామా ఇచ్చి కొత్త చోట చేరాను. చేరిన మూడు వారాలకు ఇంటర్వ్యూ వచ్చింది.

ఆ గది ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. బల్ల మీద నా ఫైలు, అధికారి చేతిలో ఎర్ర ఇంకు పెన్ను. దరఖాస్తులోని ప్రతి జవాబునూ ఒక్కొక్కటిగా అడుగుతూ, సరిగ్గా ఉన్నదాని పక్కన చిన్న టిక్కు పెడుతున్నాడు. ఉద్యోగం పేజీకి వచ్చేసరికి నా అరచేతులు తడిసిపోయాయి. ‘ఇప్పుడూ ఇక్కడేనా?’ అన్నాడు. లేదండీ, మారాను అని, ఒడిలో పెట్టుకున్న కొత్త ఆసుపత్రి ఉత్తరం తీయబోయాను. ఆయన దానికోసం చేయి కూడా చాపలేదు. కొత్త పేరు, చేరిన తేదీ అడిగి, పాత వరుసలో ముగింపు తేదీ వేసి, కింద కొత్త వరుస రాసి, పక్కన ఒక అంకె వేసి సున్నా చుట్టాడు. అర నిమిషం పట్టింది. చివర్లో ఇన్ని దిద్దుబాట్లు నా సమక్షంలో జరిగాయని నాచేత సంతకం పెట్టించాడు. ఇప్పుడు ఆ సంతకాలు ట్యాబ్లెట్ మీదే పెట్టిస్తున్నారట, పద్ధతి మాత్రం అదే.

ఆ అర నిమిషం కోసం ఏడు నెలలు నా నడుము అరగదీసుకున్నాను. అందుకే నీకు ఇంత పెద్ద ఉత్తరం.

అదే అధికారి ఆ తర్వాత పావుగంట దేని మీద గడిపాడో తెలుసా? మా మామగారి జబ్బుకని తిరుపతి వచ్చి నాలుగు నెలల పదకొండు రోజులు ఉన్నాను కదా, దాని మీద. ఎందుకు వెళ్లారు, అద్దె ఇల్లు ఉంచుకున్నారా, జీతం ఎక్కడి నుంచి వచ్చింది, పిల్లలు ఎక్కడున్నారు, అన్నీ అడిగాడు. ఆరు నెలలు దాటలేదు గనుక వదిలేశాడు.

బెంగళూరు మాట ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికి అర్థమై ఉంటుంది. దరఖాస్తు పెట్టడానికి ముందు ఐదేళ్లే కాదు, పెట్టిన రోజు నుంచి ప్రమాణం చేసే రోజు దాకా కూడా నువ్వు అమెరికాలోనే నివాసం ఉంటున్నట్టు లెక్క నిలబడాలి. ఒకే విడతలో ఆరు నెలలు దాటి ఏడాది లోపు బయట ఉంటే, నివాసం తెగిపోయిందనే అనుకుంటారు. తెగలేదని రుజువు చేసుకునే బరువు నీ మీద పడుతుంది. ఏడాది దాటితే ఆ వాదనకూ అవకాశం ఉండదు. నీ జీతం అమెరికా కంపెనీయే ఇస్తుంది, ఇల్లూ ఉంటుంది అంటావు, వాదించవచ్చు కూడా. కానీ చేతిలో ఉన్నదాన్ని వాదన మీద ఎందుకు పెట్టాలి? పైగా ఇంటర్వ్యూ నోటీసు నార్త్ కరోలినాలో, రాలీలోని నీ ఇంటి తలుపు కింద పడి ఉంటే, నువ్వు బెంగళూరులో ఉంటే ఎలా? చెప్పకుండా ఇంటర్వ్యూకు వెళ్లకపోతే దరఖాస్తు వదులుకున్నట్టు లెక్క వేస్తారు.

కాబట్టి కొత్తవాళ్లకు మర్యాదగా రాయి. పౌరసత్వం ప్రమాణం అయ్యేవరకు అమెరికాలోనే ఉండి పనిచేస్తాను, బెంగళూరు ఆ తర్వాత వెళ్తాను, మధ్యలో అవసరమైతే రెండు మూడు వారాల చిన్న ప్రయాణాలు చేస్తాను అని. ఒప్పుకుంటే ఆ మాట ఆఫర్ లేఖలోకి రావాలి. ఫోనులో ‘చూద్దాంలెండి’ అన్నదాన్ని నమ్ముకోవద్దు. ఒప్పుకోకపోతే అప్పుడు ఆలోచిద్దాం, నాకు ఫోను చెయ్యి.

మిగిలినవి జాగ్రత్తగా చేసుకుంటే సరిపోయే పనులు. ఇల్లు మారిన పది రోజుల్లోపు, పౌరసత్వం దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు కొత్త చిరునామా తెలపాలి. దాన్నే ఏఆర్-11 అంటారు, ఆన్‌లైన్ ఖాతాలోనే చేయవచ్చు. పోస్టాఫీసులో చిరునామా మార్పు పెట్టాను కదా అని ఊరుకోకు, ఇది వేరే, అది వేరే. దరఖాస్తు పెట్టే నాటికి ఆ రాష్ట్రంలో మూడు నెలలు ఉండాలన్న నియమం నువ్వు టెక్సాస్‌లో తీర్చేశావు, ఇప్పుడు రాష్ట్రం మారినంత మాత్రాన అది చెడదు. ఫైలును కొత్త ఊరి ఆఫీసుకు పంపుతారు. దానివల్ల కొంత ఆలస్యం కావచ్చు, అది మాత్రం భరించాలి.

తేదీల విషయంలో నేను మొండిగానే చెబుతాను. పాత ఉద్యోగం చివరి రోజు, కొత్త దానిలో మొదటి రోజు, మధ్యలో ఖాళీ ఉంటే ఆ ఖాళీ, మూడూ ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టుకో. రెండు వారాలు పని లేకుండా ఉంటే లేను అనే చెప్పు. ఖాళీ కనిపించకూడదని తేదీలు సాగదీసినవాళ్లు ఉన్నారు. ఉద్యోగం లేకపోవడం తప్పు కాదు, అధికారి ముందు ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం మాత్రం పౌరసత్వాన్నే ముంచే తప్పు. రాజీనామా ఉత్తరం, ఆఫర్ లేఖ, మొదటి జీతం రసీదు, ఈ ఐదేళ్ల డబ్ల్యూ-2లు (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను లెక్క కాగితాలు) ఒక సంచిలో పెట్టుకో. నన్ను అడగలేదు, నిన్ను అడగవచ్చు.

పన్ను గురించి నీకు ఎవరూ చెప్పి ఉండరు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, నార్త్ కరోలినాలో ఉంది. వచ్చే ఏప్రిల్‌లో అక్కడ ఉన్న నెలలకు రాష్ట్రానికి కూడా రిటర్ను వేయాలి. అలవాటు లేక మర్చిపోతావేమోనని రాస్తున్నాను, ఎందుకంటే పన్ను బకాయిలు ఉన్నాయా అని ఆ దరఖాస్తులోనే అడుగుతారు.

కొత్త ఉద్యోగం హడావుడిలో, ఇంటర్వ్యూలో అడిగే అమెరికా చరిత్ర, ప్రభుత్వం ప్రశ్నలకు చదవడం మానకు. మా రోజుల్లో 100 ప్రశ్నల జాబితా, పది అడిగితే ఆరు చెబితే చాలు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లకు జాబితా 128 ప్రశ్నలు, ఇరవై అడుగుతారు, పన్నెండు సరిగ్గా చెప్పాలి. నీ రసీదు మీద తేదీ చూసుకుని ఏది చదవాలో తేల్చుకో.

ప్రమాణం రోజున గ్రీన్ కార్డు తిరిగి ఇచ్చేయాలి. ఆ క్షణం నుంచి మన చట్టం ప్రకారం నువ్వు భారత పౌరురాలివి కావు, ఆ పాస్‌పోర్టుతో విమానం ఎక్కకూడదు. అమెరికా పాస్‌పోర్టు తెచ్చుకుని, భారత పాస్‌పోర్టు అప్పగించి, ఓసీఐకి, అంటే విదేశీ పౌరులైన భారతీయులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డుకు, పెట్టుకోవాలి. అది చేతికి వచ్చాక బెంగళూరులో ఎన్నాళ్లయినా ఉద్యోగం చేసుకోవచ్చు. కొత్త కంపెనీకి తేదీలు చెప్పేటప్పుడు ఈ నెలలు కూడా కలిపి చెప్పు. నా పాత పాస్‌పోర్టు రద్దయి తిరిగి వచ్చిన రోజు నేను కాసేపు ఏడ్చాను. నీకూ అలాగే అనిపిస్తే కంగారుపడకు.

ఇక మీ అమ్మ సంగతి. నువ్వు బెంగళూరు వస్తున్నావని ఫోనులో చెప్పావట. చిత్తూరులో మేడ మీది గదికి అప్పుడే రంగులు వేయిస్తోంది. వారం వారం వస్తావని, తోట కాయలు నీ చేతికి అందుతాయని లెక్కలు కట్టుకుంది. ఈ ఆలస్యం నీ నోటితో చెబితే బాధపడుతుంది, నేను చెబుతాను. శుక్రవారం పొద్దున బస్సుకు చిత్తూరు వెళ్తున్నాను. మే నెలలో గంగమ్మ జాతరకు రెండు వారాలు వచ్చి వెళ్లు, దానికి ఏ అడ్డూ లేదని కూడా చెబుతాను.

ఆఫర్ లేఖలో బెంగళూరు గురించి రాసిన పేరా ఫోటో తీసి ఈ రాత్రికే నాకు పంపు.

మీ పెద్దమ్మ