కరెంటు ఇచ్చే ముందు మీటరు పెట్టండి

ప్రశ్న: మేడమ్, మా మామయ్య అటక మీంచి కొమోడోర్ 64 అనే పాత కంప్యూటర్ ఒకటి దింపి నాకిచ్చారు. అడాప్టర్ కూడా ఉంది. ముప్పై ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదట. ఒక్కసారి ఆన్ చేసి చూడొచ్చా?

జవాబు: వద్దు. ముప్పై ఏళ్లు ఆగిన మెషీన్ ఇంకో రెండు రోజులు ఆగుతుంది. ముందు అనుమానించాల్సింది మెషీన్‌ని కాదు, ఆ అడాప్టర్‌ని. 1982లో వచ్చిన ఈ మెషీన్‌కి ఇచ్చిన ఇటుకలాంటి అడాప్టర్లలో చాలావాటి లోపల ఎపాక్సీ పోసి మూసేశారు. వేడి బయటికి పోయే దారి లేదు. అందులోని రెగ్యులేటర్ పాడైతే కరెంటు ఆగిపోతుందిలే అనుకుంటాం. కానీ చాలాసార్లు 5 వోల్టులు రావాల్సిన చోట అంతకన్నా ఎక్కువ వస్తుంది. ఆ దెబ్బకి మెమరీ చిప్పులు పోతాయి.

ఏడు కాళ్ల ఆ గుండ్రటి ప్లగ్గులో ఒక కాలి మీద 5 వోల్టుల డీసీ, రెండు కాళ్ల మధ్య 9 వోల్టుల ఏసీ వస్తాయి. మల్టీమీటర్ పెట్టి డీసీ చూడండి. 5.2 దాటితే అడాప్టర్‌ని పక్కన పెట్టేయండి. సరిగ్గా 5 చూపించినా నేనైతే నమ్మను. ఖాళీగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండి, వేడెక్కాక పెరిగేవి ఉన్నాయి. కొత్తగా తయారుచేసిన అడాప్టర్ తెచ్చుకోండి, పాతది గుర్తుగా దాచుకోండి.

తర్వాత మూత తీసి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. సాకెట్లలో ఉన్న చిప్పుల్ని బొటనవేలితో మెల్లగా నొక్కండి. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి కొన్ని కాస్త పైకి లేచి ఉంటాయి. ఇప్పుడు ఆన్ చేయండి. నీలం తెర మీద 38911 బేసిక్ బైట్లు ఖాళీగా ఉన్నాయని వస్తే మెషీన్ బతికే ఉన్నట్టు. నల్ల తెరే వస్తే కంగారు పడకుండా నాకు మళ్లీ రాయండి. పీఎల్‌ఏ అనే చిప్పు నుంచి మొదలుపెట్టి వెతుకుదాం.

బీబీసీ మైక్రో అనే ఇంకో పాత కంప్యూటర్ ఉన్నవాళ్లకీ ఒక మాట. దాని పవర్ సప్లై లోపల ఉండే పాత కాగితపు కెపాసిటర్ పైతొడుగు పగిలిపోయి, ఆన్ చేసిన కాసేపటికి గది నిండా ఘాటైన పొగ వదులుతుంది. చాలావరకు మెషీన్‌కి ఏమీ కాదు. ముందే మార్పించేస్తే ఆ టెన్షన్ ఉండదు.

ప్రశ్న: నా అటారీ 800ఎక్స్‌ఎల్ కంప్యూటర్ డబ్బా పసుపుపచ్చగా అయిపోయింది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెల్లబడుతుందంటున్నారు. చేయనా?

జవాబు: తెల్లబడుతుంది. కానీ సమంగా పూయకపోతే చారలు పడతాయి, కొన్నేళ్లకి పసుపు మళ్లీ రావచ్చు. నేను సబ్బునీళ్లతో కడిగి వదిలేస్తాను.

ప్రశ్న: నా దగ్గర 48కే (48 కిలోబైట్ల మెమరీ) జెడ్‌ఎక్స్ స్పెక్ట్రం కంప్యూటర్ ఉంది. క్యాసెట్లు లోడ్ కావడం లేదు. ఎస్‌డీ కార్డు పెట్టుకోవడానికి డబ్బాకి రంధ్రం చేసి, లోపల వైర్లు కలపమని ఒక స్నేహితుడు చెప్పాడు. చేయమంటారా?

జవాబు: రంధ్రం చేయకండి. ఎస్‌డీ కార్డు పెట్టుకునే డివ్‌ఎంఎంసీ రకం ఇంటర్‌ఫేస్‌ని మెషీన్ వెనకున్న ఎడ్జ్ కనెక్టర్‌కే (బోర్డు అంచునే ప్లగ్గులా వాడే చోటు) తగిలించుకోవచ్చు, వద్దనుకున్న రోజు తీసేయొచ్చు. ఇలా వెనక్కి తీసుకోగలిగే మార్పులే నాకు ఇష్టం. ఆ కాలపు అసలు డబ్బాలు ఇంక కొత్తవి రావు కదా. టీవీకి కాంపోజిట్ బొమ్మ (యాంటెన్నా సాకెట్ కాకుండా వీడియో సాకెట్‌కి నేరుగా వెళ్లేది) కావాలన్నా, బొమ్మని యాంటెన్నా సిగ్నల్‌గా మార్చే మాడ్యులేటర్ దగ్గర రెండు మూడు వైర్ల పనే, బోర్డు మీద ట్రాక్ కోయక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. తగిలించేటప్పుడూ తీసేటప్పుడూ పవర్ ప్లగ్గు పీకేసి ఉండాలి. నా మొదటి స్పెక్ట్రం ఆన్‌లో ఉండగా జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్ తీసి మళ్లీ పెట్టాను. వెంట్రుకవాసి పక్కకి జరిగింది. తెర నిండా నిలువు చారలు. టీఆర్4 అనే చిన్న ట్రాన్సిస్టర్ పోయింది, దాంతో మైనస్ 5 వోల్టుల సరఫరా ఆగిపోయింది. కింది 16కే మెమరీలోని 4116 చిప్పులకి 5, 12తో పాటు ఆ మైనస్ 5 కూడా ఉండాల్సిందే, లేకపోతే కాలిపోతాయి. ఎనిమిది చిప్పులు, ఒక్కోదానికి పదహారు కాళ్లు. 128 చోట్ల సోల్డర్ కరిగించి తీశాను, మూడు సాయంత్రాలు పట్టింది. అన్నిటికీ సాకెట్లు వేశాను.

పైనున్న 32కేది ఇంకో కథ. ఖర్చు తగ్గించడానికి సగం పాడైన 64 కిలోబిట్ చిప్పులు కొని, బాగున్న సగాన్ని మాత్రమే వాడారు. మీరెప్పుడైనా వాటిలో ఒకటి మార్చాల్సి వస్తే, మీ బోర్డు ఏ సగాన్ని వాడేలా లింకు పెట్టి ఉందో ముందు చూసుకోండి. ఆ లింకుని ఫొటో తీసి పెట్టుకున్నాకే సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోండి.