కారు కడగడానికి గన్ను కాదు, చేతి దగ్గర వాల్వ్ కొనండి

ఇంటి దగ్గర కారు కడుక్కోవడానికి పైపుకు ఏ ఫిటింగులు కొనాలి, నీళ్లు ఆపే వాల్వ్ విడిగా అవసరమా అని అడిగారు. అవసరమేనండి. నన్నడిగితే ముందు కొనాల్సింది అదే. బాల్ వాల్వ్ ఒకటి, అదీ కొళాయి దగ్గర కాదు, మన చేతిలో ఉండే కొసకి.

జనం మాత్రం ముందు పది రకాల జల్లులు పడే గన్ను కొంటారు. అట్ట మీద బొమ్మలో నీళ్లు ఫైరింజన్‌లా కొడతాయి. మనింట్లో కొట్టవు. ప్రెషర్ గన్నులో పుట్టదు, ట్యాంకు ఎత్తుని బట్టి వస్తుంది. పది మీటర్ల ఎత్తుకి సుమారు ఒక బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత). డాబా మీద ట్యాంకు కొళాయికి నాలుగైదు మీటర్ల పైన ఉంటే వచ్చేది అర బార్ లోపే. ఆ కాస్తనీ సన్న ఫిటింగులు తినేస్తాయి. పైపు అరంగుళమే, కానీ అందులోకి దూర్చే ప్లాస్టిక్ ముక్క లోపలి కన్నం చూడండి, పెన్సిల్ కూడా కష్టంగా పడుతుంది. అందుకే పైపు ముప్పావంగుళం తీసుకోండి, వాల్వ్ కూడా అదే సైజులో ఫుల్ బోర్‌ది, అంటే లోపలి కన్నం పైపంత ఉండేది, అడగండి. పిడి పావు తిప్పు తిప్పితే తెరుచుకోవాలి, మళ్లీ వెనక్కి పావు తిప్పు తిప్పితే ఆగిపోవాలి. గేటు వాల్వ్ వద్దు, సబ్బు చేత్తో దాన్ని ఎన్ని చుట్లని తిప్పుతారు?

సబ్బు రుద్దేటప్పుడు పైపు కింద పడేసి వదిలేయడం మన వాళ్లకి అలవాటు. నిమిషానికి పది లీటర్లే అనుకున్నా ఇరవై నిమిషాలకి 200 లీటర్లు డ్రైనులోకి. పక్కనే కాలువ పారుతోంది కదా అంటారు. వేసవిలో కాలువలు కట్టేశాక చెప్పమనండి ఆ మాట.

అయితే మోటారు లైనుకి నేరుగా పైపు తగిలించే వాళ్లకి మాత్రం నేను చెప్పేది వేరు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఆ మధ్య సంక్రాంతికి అక్కా బావగారూ హైదరాబాదు నుంచి కొత్త కారులో వచ్చారు. దారి పొడుగునా దుమ్ము. భోగి మంట ఆరకముందే బావగారు ఆన్‌లైన్‌లో తెప్పించిన గన్ను తీశారు. ట్యాంకు నీళ్లకి ఫోర్సు రావట్లేదని, మోటారు పక్కనున్న కొళాయికి పైపు తగిలించి, పైకెళ్లే వాల్వ్ కట్టేసి మోటారు వేశారు. కొళాయి దగ్గర జాయింటుకి క్లిప్పు లేదు, ఎవరో ఎలక్ట్రీషియన్ చుట్టిపోయిన బైండింగ్ వైరే. మొదట్లో బ్రహ్మాండంగా కొట్టింది. బావగారు గన్ను మీట వదిలేసి, రెండో చేత్తో బానెట్టుకి సబ్బు రుద్దడం మొదలుపెట్టారు. నీళ్లు వెళ్లడానికి దారి లేదు, మోటారు మాత్రం తోస్తూనే ఉంది. టప్పుమని పైపు ఊడొచ్చింది. కొళాయి మూతి సరిగ్గా అరుగు వైపు ఉందేమో, ముందు గొబ్బెమ్మలు పోయాయి, తర్వాత ముగ్గు, ఆ తర్వాత చల్లారబెట్టిన అరిసెల పళ్లెం. బావగారి చేతిలో గన్ను అలాగే ఉంది, అందులోంచి చుక్క రావట్లేదు. అమ్మ లోపల్నుంచి, “అల్లుడుగారూ, కారు తర్వాత కడుగుదురు గానీ, ముందు ఆ మోటారు కట్టించండి బాబూ!” అని కేక. ఆయన నా వైపు తిరిగి, “పైపు క్వాలిటీ లేదోయ్” అన్నారు. పైపుకి ఏమీ కాలేదు, ఇప్పటికీ దాంతోనే కడుగుతున్నాం.

కాబట్టి మోటారు లైనులో చేతి వాల్వ్ పెట్టాలంటే పైకి, ట్యాంకులోకి వెళ్లే దారి తెరిచే ఉంచాలి. జాయింటుకి స్క్రూ బిగించే స్టీలు క్లిప్పు వేయాలి. బైండింగ్ వైరు పందిరి గుంజలకి చుట్టుకోండి.

ఇక మర. పైపుని కొళాయికి కలిపే ముక్కని కప్లింగు అంటారు, ఆన్‌లైన్‌లో దొరికే ఇత్తడి కప్లింగుల్లో కొన్ని అమెరికా కొలతవి. అవీ ముప్పావంగుళమే, కానీ వాటికి అంగుళానికి పదకొండున్నర మరలు, మన కొళాయిల మరకి పద్నాలుగు. ఒక చుట్టు తిరిగి బిగుసుకుంటుంది, మనం పట్టకారు తెచ్చి మరీ పాడుచేస్తాం. పాత కొళాయి పట్టుకుని ఊళ్లో పైపుల షాపుకి వెళ్లి అక్కడే తిప్పి చూసుకోవడం ఉత్తమం. పైపు కప్లింగులో నీళ్లు ఆపేది మర కాదు, లోపలి రబ్బరు వాషర్. కారుతోందంటే టెఫ్లాన్ టేపు చుట్టలు చుట్టలుగా చుట్టకుండా వాషర్ మార్చండి.

ఇత్తడి అని చెప్పి తెల్ల లోహానికి పసుపు పూత వేసి అమ్ముతున్నారు. మర లోపల మేకుతో గీకితే పసుపు కిందే పసుపు ఉండాలి. బూడిద రంగు కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు ఉప్పుగాలికి ఆ రకం త్వరగా పొడి రాలుతుంది. దానికంటే మామూలు పీవీసీ బాల్ వాల్వే నయం, తుప్పు పట్టదు. కాకపోతే ఎండలో వదిలేయకూడదు, పెళుసెక్కుతుంది.

పంచాయతీ కొళాయికి మోటారు బిగించి కారు కడిగే పెద్దమనుషులు మా వీధిలోనూ ఉన్నారు. చివరి ఇంటి వాళ్లకి బిందె నిండదు. పైగా పైపు కొస సబ్బు బకెట్లో ముంచి ఉండగా నీళ్లు ఆగిపోయాయనుకోండి, ఆ మురికి లైనులోకి వెనక్కి లాక్కుపోవచ్చు. నీళ్లని వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ చిన్నది ఒకటి వేయించండి, అంతకన్నా ముందు కొస బకెట్లో పెట్టడం మానండి.

కడగడం అయ్యాక కొళాయి కట్టేసి, చేతి వాల్వ్ తెరిచి పైపులో నీళ్లు వదిలేయండి. బోరు నీళ్లతో కడిగితే మాత్రం కారుని ఆరనివ్వకుండా గుడ్డతో తుడిచేయాలి. మా వైపు నీళ్లకి నల్ల కారు మీద తెల్ల మచ్చలు పడ్డాయంటే ఏ గన్నుకీ పోవు.