బోడి గెలలు, తాలు గింజలు, కనపడని మర్రిపువ్వు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా పూలగుత్తుల మీదే ఉన్నాయట. అనంతపురంలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని కదా అని ఎడిటర్ గారు ఆ కట్ట మొత్తం నాకే పంపించేశారు. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఏ గుత్తి చేతికి తీసుకున్నా మొదట ఏ పువ్వు విచ్చింది, ఆఖరుకు ఏది మిగిలింది అని చూడండి. సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి.

ప్రశ్న: ఆముదం వేసినాను. గెలలు బాగానే దిగినాయి గానీ కింది భాగంలో పూత రాలిపోయి కాడ బోడిగా కనపడుతోంది. పైభాగంలోనే కాయ ఉంది. ఇదేం తెగులు? ఏం మందు కొట్టాల?
– ఒక రైతు, పత్తికొండ

మందుకు డబ్బులు తగలెయ్యొద్దప్పా, అది తెగులు కాదు. ఆముదం గెలలో ఆడపూలు పైన, మగపూలు కింద ఉంటాయి. మగపువ్వు పని పుప్పొడి వదలడం వరకే. అది కాగానే ఎండి రాలిపోతుంది, కాడ మిగులుతుంది. మీరు చూసిన బోడి భాగం అదే.

నమ్మకం లేకపోతే ఇంకా పూత మీదున్న గెల ఒకటి కోసి నీడకు తెచ్చుకోండి. పైన చిన్న చిన్న ముళ్ళ పిందెలు, ఒక్కోదాని నెత్తిన ఎర్రటి కుచ్చు ఉంటుంది. ఆ కుచ్చు మూడు పాయలుగా మొదలై, ప్రతి పాయ మళ్ళీ రెండుగా చీలుతుంది. పుప్పొడిని పట్టుకునేది అదే. కిందికి వస్తే గుండ్రటి మొగ్గలు. ఒకటి విచ్చిందాన్ని పట్టుకుంటే లోపల కేసరాలు కొమ్మలు కొమ్మలుగా చీలి, లేత పసుపు రంగులో గుబురుగా కనిపిస్తాయి. వేలితో తడితే పొడి లేస్తుంది. దాన్ని మోసేది ఎక్కువగా గాలే. మొక్కజొన్నలో ఈ ఏర్పాటు తలకిందులుగా ఉంటుంది: నెత్తిన ఉన్న జల్లు మగది, ఆకు చంకలోని కండె ఆడది.

అయితే మీరు అడగని సంగతి ఒకటుంది. బోడి భాగం అన్నిటికీ ఒకే పొడవు ఉండదు. ఎండ తీవ్రత పెరిగినా, నేలలో తడి తగ్గినా, చెట్టుకు బలం చాలకపోయినా మగపూల వాటా పెరుగుతుంది, ఆడపూలు తగ్గుతాయి. చెట్టు ముదిరాక వచ్చే గెలల్లోనూ అంతే. మొదటి గెల నిండుగా ఉండి, పక్క కొమ్మల మీద తర్వాత వచ్చే గెలలు పలచబడటానికి ఇదొక కారణం. కాబట్టి మీరు చూసుకోవాల్సింది తడి, ఎరువు.

నిజమైన తెగులు వేరే ఉంది. ముసురు పట్టి నాలుగు రోజులు తేమ ఆరకపోతే కాయల మీద బూడిదరంగు బూజు కమ్మి గెల కుళ్ళుతుంది. అది కనపడితే మాత్రం ఆలస్యం చేయకుండా ఆ గెలలు తుంచి చేను బయట పడేసి, వ్యవసాయ కేంద్రంలో అడగండి.

ప్రశ్న: పూలగుత్తుల రకాల్లో గుచ్ఛం, సమశిఖి రెండూ గొడుగులాగే కనిపిస్తాయి. పరీక్షలో తప్పు రాయకుండా ఎట్లా గుర్తుపెట్టుకోవాలి మేడం?
– ఇంటర్ విద్యార్థిని, కర్నూలు

పుస్తకం మూసి ఉల్లిపువ్వు చూడమ్మా, కర్నూల్లో ఉల్లికేం కరువు! పూలకాడలన్నీ ఒకే చోట పుట్టి, దాదాపు ఒకే పొడవుంటాయి. అది గుచ్ఛం. తంగేడు కొమ్మ విరిచి చూస్తే కాడలు వేర్వేరు ఎత్తుల్లో పుట్టి ఉంటాయి. కిందివి పొడుగు, పైవి పొట్టి, పూలు మాత్రం ఒక మట్టానికి వచ్చి నిలబడతాయి. అది సమశిఖి. పువ్వు వైపు చూస్తే తికమకే, కాడ మొదలు చూడు. కొత్తిమీర పూతకు వచ్చినప్పుడు అది కూడా చూడు, గుచ్ఛంలో మళ్ళీ చిన్న చిన్న గుచ్ఛాలుంటాయి.

ప్రశ్న: కనకాంబరం కంకిలో పూలు ఆగిపోయినట్టు అనిపిస్తే మా అత్తమ్మ వెంటనే తుంచేయమంటుంది. నాకేమో ఇంకా పూస్తుందేమో అని ఆశ. ఎవరి మాట సరి?
– ఒక గృహిణి, కడప

కంకి కొస చూసి తీర్పు చెప్పుకోండి. కనకాంబరం కింది నుంచి పైకి పూస్తుంది. రోజుకు ఒకటి రెండు పూలు, ఒక్కోరోజు ఏమీ లేకుండా, అట్లా ఒక కంకి రెండు మూడు వారాలు నడుస్తుంది. కొసన పచ్చటి రేకులు ఇంకా బిగిసి ఉంటే పూత మిగిలే ఉంది, ఓపిక పట్టండి. కొస దాకా విచ్చుకుని ఖాళీ పడితే అత్తమ్మ మాటే మాట. తుంచేస్తే చెట్టు బలం కొత్త కంకులకు పోతుంది.

విత్తనం కావాలంటే మాత్రం ఆ కంకిని ఎండనివ్వండి. బాగా ఎండిన కాయ మీద వాన చినుకు పడితే టప్పున పేలి గింజలు దూరంగా ఎగిరిపడతాయి. పిల్లలకు చూపించండి, సాయంత్రమంతా మీకు పోరు ఉండదు. మీది ఢిల్లీ కనకాంబరం అయితే గింజ కోసం ఎదురుచూడొద్దు. దానికి విత్తనం కట్టదు, కొమ్మలు నాటుకోవాల్సిందే.

మల్లె దీనికి ఎదురు పద్ధతి. కొమ్మ చివర మూడు మొగ్గలుంటే నడిమిది ముందు విచ్చుతుంది, పక్కవి తర్వాత. నడిమి మొగ్గతోనే ఆ కొమ్మ ఎదుగుదల ముగిసింది. ఇక పూలు కావాలంటే కొత్త చిగురు రావాలి, అందుకే చలికాలంలో మల్లెను కత్తిరించేది. కత్తిరించడానికి చేతులు రాక గుబురుగా పెంచుకుని, పూయలేదని చెట్టును తిట్టేవాళ్ళు మా వీధిలోనూ ఉన్నారు.

ప్రశ్న: పొద్దుతిరుగుడు పువ్వు పెద్దగానే వచ్చింది. కోసి చూస్తే అంచున గట్టి గింజ, నడుమ అంతా తాలు. విత్తనం మంచిది కాదా?
– ఒక రైతు, ఆలూరు

విత్తనం మీద తప్పు మోపేముందు ఇది వినండి. మీరు పువ్వు అంటున్నది వందల పూలు కూర్చున్న దిమ్మె. చుట్టూ ఉన్న పసుపుపచ్చ రెక్కలు ఒక్కోటీ ఒక్కో పువ్వే గానీ అవి గొడ్డువి, తేనెటీగల్ని పిలవడానికే ఉన్నాయి. గింజ కట్టేవి లోపలి చిన్న పూలు. అవి అంచు నుంచి నడుముకు, రోజుకు కొన్ని వరుసల చొప్పున వారం పది రోజులు విచ్చుకుంటాయి. ముందు విచ్చినవి ముందు తింటాయి. నడిమి వాటి వంతు వచ్చేసరికి తిండీ తగ్గుతుంది, నీళ్ళూ తగ్గుతాయి. అందుకే నడిబొడ్డున కొంచెం తాలు ఎవరి చేలోనైనా ఉంటుంది. సగం దాకా తాలు వచ్చిందంటే పుప్పొడి అందలేదనో, పూతలో తడి దొరకలేదనో అనుకోవాలి.

ఇంకో చిక్కుంది. ఒక్కో చిన్న పువ్వు మొదటిరోజు పుప్పొడి వదిలి, మర్నాడు పుప్పొడిని పట్టుకునే కీలాగ్రం బయటికి చాపుతుంది. కాబట్టి పొడి ఇంకోచోటి నుంచి రావాలి, ఎవరో మోసుకురావాలి. తేనెటీగలు తక్కువున్న చోట ఉదయం 9 నుంచి 11 గంటల మధ్య మెత్తటి గుడ్డ చేతికి చుట్టుకుని, రోజు మార్చి రోజు, ఒక పువ్వు తర్వాత ఒక పువ్వు తేలిగ్గా రుద్దుకుంటూ పోవాలి. పసుపుపచ్చ రెక్కలు విచ్చే సమయానికి లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ కలిపి కొట్టడం కూడా గింజ కట్టడానికి మంచిది. పూత మీద ఉదయం పూట పురుగుమందు కొట్టారో, తేనెటీగలు పోయినట్టే, గింజా పోయినట్టే.

ప్రశ్న: మా పిల్లల్ని తిమ్మమ్మ మర్రిమాను చూపించడానికి తీసుకుపోయినాం. "సార్, ఇంత చెట్టుకు ఒక్క పువ్వు కూడా లేదే" అని అడిగినారు. మర్రి పూయదా?
– ఒక ఉపాధ్యాయుడు, కదిరి

పూస్తుంది, పూలు మీ కళ్ళముందే ఉన్నాయి. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ చెట్టు కింద రాలిపడిన ఎర్ర పండ్లను తొక్కుకుంటూ తిరిగారా? ఆ పండే పూలగుత్తి. పూలన్నిటినీ సంచిలో పోసి మూతి బిగించినట్టు, గోడ లోపలి వైపు వందల పూలుంటాయి. మూతి దగ్గర పొలుసులు అడ్డంపడిన సన్నటి రంధ్రం ఒక్కటే దారి. శాస్త్రంలో ఈ రకాన్ని హైపాన్థోడియం అంటారు. రావి, మేడి, అంజూరం అన్నీ ఈ ఇంటివే.

ఆ దారిలో దూరేది మర్రికంటూ ప్రత్యేకంగా ఉన్న చిన్న కందిరీగ. దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి. వేరే పండు నుంచి తెచ్చిన పుప్పొడి ఆడపూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చే మగ పురుగులకు రెక్కలుండవు. అవి ఆడవాటితో కలిసి, గోడకు కన్నం పెట్టి, బయటి లోకం చూడకుండానే పోతాయి. ఆడవి పుప్పొడి మోసుకుని ఆ కన్నంలోంచి ఎగిరిపోతాయి. వేమన మేడిపండు పొట్టలో చూసిన పురుగులకూ కథ ఇదే, మేడికి దాని కందిరీగ వేరు. ఆయన వాటిని మనుషుల్ని దెప్పడానికి వాడుకున్నాడు, ఆ పురుగు లేకపోతే మేడికి గింజే లేదు.

కటారుపల్లిలో వేమన సమాధి కూడా మీకు దగ్గరే. ఈసారి పిల్లలతో అటు పోతే దారిలో మేడిచెట్టు చూసి ఆగండి. కాండం మీదే గుత్తులుగా కాస్తుంది, ఎక్కే పని లేదు. బఠాణీ గింజంత కాయ, సగం పెరిగింది, పండింది మూడూ బ్లేడుతో నిలువుగా కోసి తెల్లకాగితం మీద పెట్టండి. పండినదాన్ని చివర్లో కోయండి, పురుగులు బయటికి రాగానే మీ పాఠం వినేవాళ్ళుండరు.

ప్రశ్న: అరటి గెల కింద వేలాడే పువ్వు కోసేస్తే కాయ తగ్గుతుందా?
– పులివెందుల నుంచి

తగ్గదు. మొదట విచ్చిన దొప్పల కింద ఆడపూలుంటాయి, కాయలయ్యేవి అవే. తర్వాత వచ్చే దొప్పల కిందివి మగపూలు, రాలిపోవడమే వాటి పని. చివరి హస్తం విడిపోయాక కాస్త కాడ వదిలి కోసేయండి, ఆ తిండి కాయలకు పోతుంది. కోసింది పారేయొద్దు, పెసరపప్పు వేసి వండుకోండి. ఒక్కో చిన్నపువ్వులో నడుమ గట్టి పుల్ల ఒకటి, అద్దంలాంటి పలచటి రెక్క ఒకటి ఉంటాయి. ఆ రెండూ తీసి, తరిగింది తరిగినట్టు మజ్జిగ నీళ్ళలో వేయండి, లేకపోతే నల్లబడుతుంది.